నడుస్తున్న ప్లాంటులో పాత సర్వర్‌ను మార్చడమెలా?

ఉక్కు, సిమెంటు, మందుల కర్మాగారాల్లో యంత్రాలను నడిపే పీఎల్‌సీలకూ కంట్రోల్ రూమ్ తెరకూ మధ్య ఒక సర్వర్ ఉంటుంది. ఉష్ణోగ్రత, పీడనం వంటి అంకెలు దాని మీదుగానే ఆపరేటర్ కంటికి చేరతాయి. 1996లో వచ్చిన ఓపీసీ ప్రమాణం ఈ రాకపోకలకు విండోస్‌లోని మైక్రోసాఫ్ట్ సాంకేతికత డీకామ్‌ను ఆధారం చేసుకుంది. విండోస్‌తో ముడిపడని ఓపీసీ యూఏ 2008 నాటికే వచ్చినా చాలాచోట్ల పాత సర్వర్లే కొనసాగుతున్నాయి. నడుస్తున్నదాని జోలికి పోవద్దన్నది ప్లాంటుల్లో పాతుకుపోయిన మాట.

అందులో కొంత న్యాయం లేకపోలేదు. 2008 మార్చిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో హ్యాచ్ అణు విద్యుత్ కేంద్రం ఆఫీసు నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్‌కు అప్‌డేట్ వేసి రీబూట్ చేశారు. దాంతో కంట్రోల్ వ్యవస్థలోని డేటా కూడా రీసెట్ అయింది. అంకెలు రాకపోవడాన్ని శీతలీకరణ నీటిమట్టం పడిపోవడంగా భావించి భద్రతా వ్యవస్థ రెండో యూనిట్‌ను ఆపేసింది. ఉత్పత్తి 48 గంటలు నిలిచిపోయింది. ఆ రెండు వ్యవస్థల డేటా ఒకదాన్నొకటి అనుసరిస్తుందని అప్‌డేట్ వేసిన ఇంజినీరుకు తెలియదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

అలాగని వాయిదా వేస్తే గండం గడిచినట్టు కాదు. డీకామ్‌లోని భద్రతా లోపాన్ని సరిదిద్దే మార్పును మైక్రోసాఫ్ట్ 2021 జూన్‌లో ఐచ్ఛికంగా ఇచ్చింది. 2022 జూన్‌లో దాన్ని తప్పనిసరి చేస్తూనే ఆపుకునే వీలు ఉంచింది. 2023 మార్చి 14న ఆ వీలునూ తీసేసింది. సిద్ధపడని ప్లాంటులో ఆ ప్యాచ్ పడితే పంపు తిరుగుతూనే ఉంటుంది, తెరమీద అంకె మాత్రం కదలదు. కారణం సర్వర్ ఈవెంట్ లాగ్‌లో 10036 నంబరు కింద నమోదవుతుంది. అక్కడ చూడాలని రాత్రి షిఫ్టులో ఎవరికి తోచాలి?

కాబట్టి పని మొదలవ్వాల్సింది కొత్త సాఫ్ట్‌వేర్ కొనడంతో కాదు, పాత సర్వర్‌తో ఎవరెవరు మాట్లాడుతున్నారో తేల్చడంతో. ఏళ్లనాటి డ్రాయింగ్‌లను నమ్మితే మొదటికే మోసం. నెలాఖరు దాటేవరకూ నెట్‌వర్క్ రాకపోకలను గమనించాలి, కొన్ని నివేదికల ప్రోగ్రాములు అప్పుడే నిద్రలేస్తాయి. తర్వాత వర్చువల్ మెషీన్‌పై ఆ సర్వర్ నకలు తయారుచేసి పరీక్షించాలి. పాత లైసెన్సు డాంగిల్‌కో హార్డ్‌వేర్‌కో ముడిపడి ఉంటే ఆ సంగతి ఈ దశలోనే బయటపడుతుంది.

పాత, కొత్త సర్వర్లను కొన్నాళ్లు పక్కపక్కనే నడపడం మంచి పద్ధతే. అయితే కొత్తది చదవడానికే పరిమితం కావాలి. ఒకే వాల్వుకు రెండు సర్వర్లు ఆదేశాలిస్తే ప్రమాదం. రెండింటి అంకెలు, సమయ ముద్రలు సరిపోలాకే షట్‌డౌన్‌లో మార్పిడి చేయాలి. ఎన్ని గంటల్లో కుదరకపోతే వెనక్కి వెళ్లాలో ముందే రాసిపెట్టుకోవాలి. బ్యాకప్‌ను ఒక్కసారైనా తిరిగి ఎక్కించి చూడకపోతే అది ఉన్నా లేనట్టే.

మార్పిడి తేదీని ఐటీ విభాగం ఒక్కటే ఖరారు చేయడం సరికాదు. ఆపరేటర్, మెయింటెనెన్స్ ఇంజినీరు కూడా ఆ నిర్ణయంలో పాలుపంచుకోవాలి. బాయిలర్ తనిఖీకి చట్టమే గడువు పెట్టింది కాబట్టి ప్లాంటులు దాన్ని మరవవు. సర్వర్‌కు అలాంటి గడువును యాజమాన్యమే పెట్టుకుని, షట్‌డౌన్ ప్రణాళికలో సమయమూ నిధులూ కేటాయించాలి.