కారణం తెలియక.. తల్లిపైనే నింద

పేరు లేని జబ్బుగానే మిగిలిపోతున్న క్రోమోజోము లోపాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: నెలలు నిండి పుట్టినా బరువు తక్కువ. పిడికిళ్లు బిగుసుకుని, వేళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి. పాలు తాగలేదు. శ్వాస మధ్యమధ్యలో ఆగుతుంది. గుండెలోనూ లోపం. ఇటువంటి శిశువు కొద్ది రోజులకే కన్నుమూస్తే గ్రామాల్లో మొదటి ప్రశ్న తల్లికే ఎదురవుతుంది. గ్రహణం నాడు బయట తిరిగిందని కొందరు, మేనరికం చేసుకున్నందుకేనని మరికొందరు అంటారు. అసలు కారణం శిశువు రక్తంలోనే ఉంటుంది. పరీక్ష జరగకుండానే అంత్యక్రియలు ముగిస్తే ఆ కారణం ఎన్నటికీ బయటపడదు.

ఒక్కటి ఎక్కువైతే..

మనిషి కణంలో 23 జతలుగా 46 క్రోమోజోములు ఉంటాయి. 18వ జతలో రెండింటికి బదులు మూడు ఉంటే ఎడ్వర్డ్స్ సిండ్రోమ్, 13వ జతలో అయితే పటౌ సిండ్రోమ్, 21వ జతలో అయితే డౌన్ సిండ్రోమ్ అంటారు. బ్రిటన్ జన్యు శాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్స్ 1960లో వెల్లడించిన 18వ జత లోపం సుమారు 5 వేల నుంచి 6 వేల జననాల్లో ఒకరికి కనిపిస్తుంది. వీరిలో మొదటి పుట్టినరోజు చూసేవారు సాధారణంగా నూటికి పదిమందికి మించరు. డౌన్ సిండ్రోమ్ దాదాపు 700 నుంచి 800 జననాల్లో ఒకరికి వస్తుంది. సకాలంలో గుండె చికిత్స, శిక్షణ అందితే ఈ పిల్లలు పెద్దవారై 50, 60 ఏళ్లు కూడా జీవిస్తారు.

మేనరికానికి సంబంధం లేదు

అండం లేదా వీర్యకణం రూపొందే దశలో జత సరిగా విడిపోకపోవడమే ఈ లోపాలకు ప్రధాన కారణం. తల్లి తిన్న తిండి, చేసిన పని, చూసిన గ్రహణం కారణం కావు. దగ్గరి సంబంధాల వల్ల తలసేమియా వంటి జబ్బుల ముప్పు పెరిగే మాట నిజమే గానీ, క్రోమోజోము అదనంగా చేరడానికి మేనరికం కారణం కాదు. తల్లి వయసు 35 దాటితే ముప్పు పెరుగుతుంది. అయితే కాన్పుల్లో ఎక్కువ భాగం చిన్న వయసువారివే కాబట్టి వారి ఇళ్లలోనూ ఇటువంటి శిశువులు పుడుతుంటారు.

తర్వాతి కాన్పుకు ఆధారం

కేరియోటైప్ అనే రక్త పరీక్షతో లోపం తేలుతుంది. క్రోమోజోము విడిగా అదనంగా చేరినదైతే మళ్లీ వచ్చే అవకాశం సాధారణంగా నూటికి ఒకటి మాత్రమే. ఒక క్రోమోజోము మరొకదానికి అతుక్కుని ఉంటే తల్లిదండ్రులిద్దరికీ పరీక్ష తప్పనిసరి. వారిలో ఒకరు వాహకులైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. భార్య బీడీలు చుడుతూ, భర్త గల్ఫ్‌లో ఉండే కుటుంబాలు కోరుట్ల ప్రాంతంలో అనేకం. సెలవుపై వచ్చినప్పుడే భర్త రక్త నమూనా ఇవ్వాల్సి ఉంటుంది. శిశువు నివేదికే లేకపోతే ఆ అవసరం ఉన్నదన్న సంగతి కూడా ఆ దంపతులకు తెలియదు.

గడువు దాటితే..

గర్భం 11 నుంచి 13 వారాల మధ్య స్కానింగు, డబుల్ మార్కర్ రక్త పరీక్షతో అనుమానం తెలుస్తుంది. ఉమ్మనీటి పరీక్షతో నిర్ధారిస్తారు. అవయవాల లోపాలు చూపే టిఫా స్కానింగు 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. 2022 నవంబరులో రాష్ట్రంలోని 44 ప్రభుత్వ ఆసుపత్రులకు 56 టిఫా యంత్రాలు ఇచ్చారు. 2021 నాటి గర్భవిచ్ఛిత్తి చట్ట సవరణ ప్రకారం 24 వారాలు దాటిన తర్వాత తీవ్ర లోపం ఉన్న కేసులను మెడికల్ బోర్డే నిర్ణయించాలి. ఆలస్యమైన ప్రతి వారం దంపతుల ముందున్న దారులను తగ్గిస్తుంది. గర్భాన్ని ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ తల్లి నిర్ణయమే. అందుకు అవసరమైన సమాచారం సకాలంలో అందించడం ఆసుపత్రి బాధ్యత.

చేయాల్సింది ఇదే

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలోని తొమ్మిది పుట్టుక లోపాల్లో డౌన్ సిండ్రోమ్ పేరుంది, ఎడ్వర్డ్స్, పటౌ పేర్లు లేవు. అయినా గుండె లోపం, గ్రహణం మొర్రి ఆ జాబితాలోనే ఉన్నందున అటువంటి శిశువులను ఆ మార్గంలో పంపవచ్చు. హైదరాబాద్‌లో నిమ్స్ జన్యు వైద్య విభాగం, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ ఉన్నాయి. జగిత్యాల నుంచి అక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు. బాలింత వెళ్లాల్సిన పని లేదు, రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం ఒకటి రెండు రోజుల్లో చేరితే చాలు. జగిత్యాల, సిరిసిల్లల్లో 2021 జూన్‌లో ప్రారంభించిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలకు పల్లెల నుంచి నమూనాలు తరలించే పద్ధతిని ఏర్పాటు చేశారు. దానినే హైదరాబాద్ వరకు పొడిగించడం అధికారులకు అసాధ్యమైన పని కాదు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినందున నెలకొక్కసారైనా జన్యు సలహా శిబిరం నిర్వహించవచ్చు.

తల్లిదండ్రులు సైతం శిశువు బతికి ఉండగానే రక్త నమూనా తీయమని వైద్యులను కోరాలి. ఆ నివేదికను భద్రపరచి, మళ్లీ గర్భం దాల్చిన మొదటి నెలల్లోనే వైద్యులకు చూపించాలి.