కుళాయికి పడ్డ టిక్కు
ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల గుట్టలో మూడో తరగతి పరిసరాల విజ్ఞానం వర్క్‌బుక్ ఒకటి కనబడింది. 'మీ ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?' అన్న ప్రశ్న కింద పెన్సిల్‌తో 'కుళాయి'. పక్కనే ఎర్ర సిరాతో టీచరు టిక్కు. అది చూసి, పల్లె పిల్లలకు ప్రకృతి తెలుసు, పట్నం పిల్లలకు తెలీదు అనే పాత పాటకు నేను తాళం వేయను. పల్లెలో పిల్లాడికి బోరు ఎన్ని ఫీట్లు దిగిందో తెలిసేది ప్రకృతి మీద ప్రేమతో కాదు, ఇంట్లో అప్పు దాని చుట్టూనే తిరుగుతుంది కనుక. పట్నంలో నాంపల్లి పిల్లకు తన నీళ్ల లెక్క చెప్పేవాళ్లే లేరు: కృష్ణ నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో ఎత్తిపోస్తున్నారనీ, 1908 మూసీ వరద కొట్టిన దెబ్బకే గండిపేట జలాశయం కట్టారనీ. మనం చెప్పేదల్లా ఓజోన్ పొర, 'చెట్లు నాటండి' పోస్టరు. నన్నడిగితే పబ్లిక్ గార్డెన్స్ పిక్నిక్ మానేసి పిల్లల చేత ఇంటి వాటర్ బిల్లు చదివించాలి. ఆపై మూడు ప్రశ్నలు వేయాలి: పోయిన నెల ఎన్ని కిలోలీటర్లు వాడాం, ట్యాంకరు ఎన్నిసార్లు వచ్చింది, దాన్ని ఏ ఊరి బోరు దగ్గర నింపారు? మూడో ప్రశ్న దగ్గర పెద్దవాళ్లూ నీళ్లు నములుతారు. ట్యాంకరు డ్రైవర్‌నే అడగాలి.