ఓడ కింద గాలి పరుపు

జహీరాబాద్‌కి సముద్రం లేదు. హైదరాబాద్ నుంచి ముంబయి వైపు వెళ్లే హైవే మీద, చెరకు తోటల మధ్య ఉండే ఊరది. అలల చప్పుడు వినాలంటే ఎటు వెళ్లినా వందల కిలోమీటర్లు పోవాల్సిందే. అయినా ఆ ఊరికీ సముద్రానికీ ఓ బంధం ఉంది. 2023 ఆగస్టు 15న మహీంద్రా సంస్థ దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ‘ఓజా’ పేరుతో తేలికపాటి ట్రాక్టర్లను ప్రపంచానికి చూపించింది. అవి తయారయ్యేది జహీరాబాద్ ఫ్యాక్టరీలోనే. అక్కడ పుట్టిన ట్రాక్టరు సముద్రం అవతలి పొలంలో దిగాలంటే ఓడ ఎక్కక తప్పదు.

ట్రాక్టరు గంటకి ఎంత డీజిల్ తాగుతుందని కొనేవాళ్లంతా అడుగుతారు. దాన్ని మోసుకెళ్లే ఓడ ఎంత తాగుతుందని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి అడగాల్సిన ప్రశ్నే అది. 2018లో ప్రపంచమంతా వదిలిన గ్రీన్‌హౌస్ వాయువుల్లో 2.89 శాతం ఓడలవేనని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ లెక్క తేల్చింది. 2050 నాటికి, లేదా ఆ దరిదాపుల్లో, ఆ లెక్కను నికరంగా సున్నాకి తేవాలని 2023లో లక్ష్యం పెట్టుకుంది. దానికోసం వెతుకుతున్న దారుల్లో ఒకటి వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. ఓడ అడుగున బుడగలు ఊదడం!

మోకాలి లోతు నీళ్లలో నడిచి చూడండి. గట్టు మీద నడిచినంత తేలిగ్గా అడుగు పడదు. నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు చిక్కన. జిగట కూడా ఎక్కువే, యాభై రెట్లకు పైమాటే. ఓడ కదిలేటప్పుడు దాని అడుగుని అంటుకున్న నీటిపొర కూడా వెంట ఈడ్చుకుంటూ వస్తుంది. నిదానంగా నడిచే పెద్ద సరుకు ఓడల విషయంలో ఇంజిను ఎదుర్కొనే నిరోధంలో సగానికి మించి ఈ రాపిడిదే. మరి ఓడకీ నీటికీ మధ్య గాలిని పరుపులా పరిస్తే? ఓడ జారుకుంటూ పోతుంది. ఆలోచన అంతే.

ఇది కొత్తదేం కాదు. పాల నుంచి మీగడ తీసే యంత్రంతో పేరు తెచ్చుకున్న స్వీడన్ ఇంజినీరు గుస్తాఫ్ డి లావల్ 19వ శతాబ్దంలోనే ఈ ప్రయత్నం చేశాడు. ఆయనకన్నా ముందే ఈ విద్య నేర్చినవాళ్లున్నారు... ఎంపరర్ పెంగ్విన్లు! నీళ్లలోంచి మంచు గట్టు మీదికి ఎగిరే ముందు అవి ఈకల్లో దాచుకున్న గాలిని సన్నని బుడగలుగా వదులుతాయి. ఒళ్లంతా ఆ నురగ చుట్టుకోవడంతో రాపిడి తగ్గి వేగం పెరుగుతుంది. శాస్త్రవేత్తలు ఈ సంగతిని 2011లో వివరంగా ప్రచురించారు.

పెంగ్విన్‌కి కుదిరింది ఓడకి కుదరడానికి ఇన్నేళ్లెందుకు పట్టింది? చిక్కంతా పరీక్షలోనే ఉంది.

ఓడను కట్టాక బాగాలేదని విప్పెయ్యలేం. అందుకే ముందు చిన్న నమూనా చేసి, పొడవాటి నీటితొట్టిలో లాగి చూస్తారు. విలియం ఫ్రూడ్ అనే ఇంజినీరు 1872లో ఇంగ్లండ్‌లోని టార్కీలో ఇలాంటి తొట్టి కట్టి ఈ పద్ధతికి బాట వేశాడు. మన విశాఖపట్నంలోనూ అలాంటిది ఉంది. 1969లో మొదలైన నౌకాదళ శాస్త్ర, సాంకేతిక ప్రయోగశాలలోని తొట్టి పొడవు 500 మీటర్లు. అంటే అర కిలోమీటరు! యుద్ధనౌకల నమూనాలను అందులో లాగి నిరోధం కొలుస్తారు.

అయితే, ఓడను చిన్నది చేసినంత సులువుగా బుడగను చిన్నది చేయలేం. నీటి గుణమే దాని సైజుని తేలుస్తుంది. రెండు వందల మీటర్ల ఓడ కింద మిల్లీమీటరు బుడగ ఆవగింజంత. అదే బుడగ నాలుగు మీటర్ల నమూనా కింద నిమ్మకాయంత అయినట్టు. కాబట్టి నమూనాలో వచ్చిన ఫలితం ఓడలోనూ వస్తుందని నమ్మడానికి లేదు.

అందుకే మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెద్ద ప్రయోగానికే దిగారు. అమెరికా నౌకాదళానికి మెంఫిస్‌లో ఉన్న భారీ నీటి సొరంగంలో దాదాపు 13 మీటర్ల పొడవైన పలకను అమర్చి, దాని కిందికి గాలి ఊదారు. 2006లో ప్రచురించిన ఫలితాలు ఒకపక్క ఊరించాయి, మరోపక్క ఉసూరుమనిపించాయి. గాలి వదిలినచోట రాపిడి భారీగా తగ్గింది. కానీ కొన్ని మీటర్లు దాటేసరికి బుడగలు పలకకు దూరంగా జరిగిపోయాయి. మధ్యలో మళ్లీ నీళ్లు చేరి, లాభం కాస్తా ఆవిరైంది. గాలి ఇంకా ఎక్కువ పంపితే బుడగలన్నీ కలిసి ఒకే పొరగా మారి, పలక పొడవునా రాపిడి 80 శాతానికి పైగా తగ్గిందని 2008లో తేల్చారు. బాగానే ఉంది. అంత గాలి ఎవరు ఊదాలి?

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. గాలి ఊదడానికి కంప్రెసర్లు కావాలి. అవి తాగేదీ ఓడలోని ఇంధనమే. ఓడ అడుగు ఎంత లోతులో ఉంటే నీరు అంత గట్టిగా ఎదురు నొక్కుతుంది. పది మీటర్ల లోతులో ఆ ఒత్తిడి మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి రెట్టింపు. పైగా బుడగలు దారితప్పి ప్రొపెల్లర్‌లోకి చేరితే అది నీటిని సరిగ్గా తోయలేదు. జపాన్ వాళ్లు 2000ల మొదట్లో ‘సెయున్ మారు’ అనే శిక్షణ నౌక మీద పరీక్షలు చేస్తే, ఖర్చులు పోను మిగిలిన శక్తి 2 శాతం దగ్గరే ఆగింది.

అక్కడే వదిలేసి ఉంటే కథ ముగిసేది. వాళ్లు వదల్లేదు. ఏ ఓడకి ఇది నప్పుతుందో వెతికారు. అడుగు చదునుగా, వెడల్పుగా ఉండాలి, నీటిలో మరీ లోతుకి దిగకూడదు. 2010లో మిత్సుబిషి సంస్థ సరిగ్గా అలాంటి ‘యమతాయి’ అనే సరుకు ఓడకు బుడగల ఏర్పాటు చేసింది. సముద్ర పరీక్షల్లో 10 శాతానికి పైగా ఆదా కనిపించింది. 2016లో ‘ఐడాప్రిమా’ అనే విహారనౌకకూ అదే అమర్చారు.

అమ్మేవాళ్లు చెప్పే మాట సరే, కొనేవాళ్లు నమ్మేదెలా? సముద్రంలో ఏ రెండు రోజులూ ఒక్కలా ఉండవు. ఇవాళ ఎదురుగాలి, రేపు వాలు ప్రవాహం. అడుగున పాచి పట్టినా ఇంధనం ఎక్కువే కాలుతుంది. అందుకే ఒకే ఓడను ఒకే దారిలో నడుపుతూ, కాసేపు బుడగలు వదిలి, కాసేపు ఆపి, ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు మీద పడే బలాన్ని కొలుస్తారు. అందులోంచి కంప్రెసర్ల వాటా తీసేస్తారు. 2014లో ‘అమేలియన్‌బోర్గ్’ అనే ట్యాంకరుకు సిల్వర్‌స్ట్రీమ్ సంస్థ పరికరాలు బిగించి ఇలాగే పరీక్షించారు. ఆ సంస్థతో సంబంధం లేని నిపుణులు కూడా లెక్క సరిచూశారు. నికరంగా మిగిలింది సుమారు 4 శాతం.

నాలుగేనా అనిపిస్తుంది. రోజుకి 50 టన్నుల ఇంధనం కాల్చే ఓడ అనుకుందాం. 4 శాతమంటే 2 టన్నులు. ఇరవై రోజుల ప్రయాణంలో 40 టన్నులు. దాంతోపాటు గాలిలో కలవకుండా ఆగే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 125 టన్నులు. ఒక్క ఓడ, ఒక్క ప్రయాణం లెక్క ఇది. ప్రపంచంలో సరుకు ఓడలు వేలకు వేలున్నాయి.

డి లావల్ ఆలోచనకీ అమేలియన్‌బోర్గ్ లెక్కకీ మధ్య వందేళ్లు దాటిపోయాయి. ఆ కాలమంతా బుడగలు ఊదడం తెలియక కాదు, ఊదినందుకు ఏం మిగిలిందో నిక్కచ్చిగా తేల్చడం తెలియక. తొట్టిలో కనిపించిన 80 శాతం సముద్రంలో 4 అయింది. కానీ నమ్మదగ్గ అంకె ఆ నాలుగే.

ఈ సంగతి జహీరాబాద్ చెరకు రైతుకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎకరాకి ఇన్ని టన్నుల దిగుబడి వస్తుందని ఎవరెంత ఊరించినా ఆయన అడిగేది ఒక్కటే... ‘‘గదంతా సరే గని, ఖర్చులు పోను ఎంత మిగుల్తది?’’