మన కుండను చూసి ముక్కు మూసుకునేదెవరు?

‘ఛీ... పురుగులు తింటున్నడు!’

హైదరాబాద్‌ల ఒక హాస్టల్ గదిలో లేచిన కేక ఇది. తొలకరి వాన పడ్డ మూడోనాడు పల్లె నుంచి ఒక తల్లి కొడుక్కు డబ్బా పంపింది. దాంట్ల ఏంచిన ఉసిళ్లు, పేలాలు, పుట్నాలు, ఇంత ఉప్పూ కారం. పొద్దంతా కూలికి పోయి, రాత్రి పుట్ట కాడ కూసోని పట్టి, చేటతోని రెక్కలు చెరిగి పంపిన డబ్బా అది. మూత తీసుడే ఆలస్యం, గదిలున్న ముగ్గురూ లేచి బయట నిలవడ్డరు. సాయంత్రానికి ఆ డబ్బా చెత్తకుండిల ఉన్నది. రాష్ట్రం వచ్చినంక జరిగిన ముచ్చటే ఇది. ఆ పిలగాడు మాకు చెప్పిన మాట ఒక్కటే: ‘పారేసింది ఆంధ్రోళ్లు కాదన్నా, మనోళ్లే.’

ఈ మాట మమ్ములను నిద్ర పోనియ్యలేదు. అందుకే ఈ రాత.

1956 నుంచి 2014 దాకా మన నెత్తిన పడ్డ ఎక్కిరింపులు రెండు. ఒకటి మన యాస మీద, ఇంకోటి మన పళ్లెం మీద. యాస మీది ఎక్కిరింపు గురించి పుస్తకాలొచ్చినయి, పాటలొచ్చినయి, సభల్ల కొట్లాడినం. సినిమాల రౌడీకి, పనిమనిషికి మన యాస పెడితే నిలదీసినం. పళ్లెం మీది ఎక్కిరింపును మాత్రం నవ్వి ఊకున్నం. జొన్నరొట్టె తినే మోటోళ్లు, గట్క తాగే గొర్రెలకాపరులు, పేగులు కూడా ఇడిసిపెట్టని మనుషులు అన్నరు. 1983ల రెండు రూపాయల కిలో బియ్యం పథకం వచ్చినంకనే తెలంగాణోళ్లు అన్నం మొఖం చూసిన్రని ఇప్పటికీ అనేటోళ్లున్నరు. 13వ శతాబ్దంల రామప్ప, పాకాల చెరువులు కట్టింది వరి కోసం కాకుంటే జలకాలాటల కోసమా? సరే, జొన్నలే తిన్నమనుకుందాం. తింటే తప్పేంది? ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల ఏడాదిగా ప్రకటించినంక జొన్నలు, కొర్రలు అద్దాల దుకాణాల్లకు ఎక్కినయి. మన అవ్వ కట్టెల పొయ్యి మీద కాసిన గట్కనే ఇప్పుడు డాక్టర్ చీటీ మీద రాస్తున్నడు. నవ్విన నోళ్లే పైసలిచ్చి కొనుక్కుంటున్నయి. నవ్వినందుకు ఒక్కరన్నా తప్పైందన్నరా?

న్యాయంగ మాట్లాడాలంటే మన తప్పు కూడ చెప్పుకోవాలె. 1952 ముల్కీ ఉద్యమంల ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అన్న నినాదం మన వీధులల్లనే మోగింది. నౌకర్లు దోచుకున్నోళ్ల మీద కోపం న్యాయమైనదే. కానీ ఇడ్లీ ఏం పాపం చేసింది? వాళ్ల గోంగూర, మన పుంటికూర ఒక్క ఆకే గద! తిండిని పట్టుకొని మనిషిని తిట్టే విద్య ఒక్క దిక్కోళ్లదే కాదు, మనకూ వచ్చు. ఆ విద్యనే ఇయ్యాల మనోళ్లు మనోళ్ల మీద వాడుతున్నరన్నదే మా బాధ.

బోటి సంగతి తీసుకుందాం. బోటి అంటే మొఖం చిట్లించేటోళ్లకు దాని వెనకున్న పని ఎరుకనా? పేగులను పుల్లకు తొడిగి లోపలి భాగం బయటికి తిరగేసి, నీళ్లు తేటగ వచ్చేదాక కడగాలె. పొట్టను వేడినీళ్లల్ల ముంచి సున్నం రాసి, నల్లపొర పోయి తెల్లగ మల్లెపువ్వు లెక్క అయ్యేదాక గీకాలె. పసుపేసి ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి, అప్పుడు చిన్న చిన్న ముక్కలు కోసి, పుంటికూరనో చింతచిగురో ఏసి సన్నమంట మీద వండాలె. సగం పూట పని. ఇంత పని ఏ బిర్యానీకి ఉన్నది? నల్ల సంగతీ అంతే. యాట కోసేటప్పుడు శుభ్రమైన గిన్నెల పట్టి, గడ్డకట్టినంక ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలతోని ఏంచితే కారెజం (కాలేజ) కూడ దాని ముందు దిగదుడుపే. తలకాయ కాల్చుడు, కాళ్లు కాల్చి గీకుడు వేరే విద్య, దాంట్ల చేయి తిరిగినోళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో ఉంటరు.

ఈ విద్య ఎవలకు, ఎట్ల వచ్చింది? తొడకండ గడీలకు పోతే పేగులు, నెత్తురు, కాళ్లు వెట్టి చేసేటోళ్ల వాకిట్లకు వచ్చినయి. మంచిది వాళ్లు తీసుకొని, మిగిలింది మనకేసిన్రు. ఆ మిగిలినదాన్నే మన తల్లులు కమ్మగ చేసి పిల్లల కడుపులు నింపిన్రు. ఇది సిగ్గుపడే చరిత్రనా, చెప్పుకునే చరిత్రనా? సిగ్గుపడాల్సింది తొడకండ గుంజుకున్నోడు గద!

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. స్కాట్లాండ్ అని ఒక దేశమున్నది. వాళ్ల జాతీయ వంటకం పేరు హ్యాగిస్. గొర్రె గుండె, కారెజం, ఊపిరితిత్తులు సన్నగ కొట్టి, ఓట్స్, కొవ్వు, ఉల్లిగడ్డ కలిపి, గొర్రె పొట్ట సంచిల నింపి ఉడకబెడుతరు. మన భాషల చెప్పాలంటే అది బోటికి దాయాది. రాబర్ట్ బర్న్స్ అనే వాళ్ల పెద్దకవి 1786ల దాని మీద పద్యమే రాసిండు. ఏటా జనవరి 25న ఆయన పుట్టినరోజు విందుల ఆ హ్యాగిస్‌ను సన్నాయి లాంటి వాద్యం వాయించుకుంట ఊరేగింపుగ తెచ్చి, ఆ పద్యం చదివి, కత్తితోని కోస్తరు. గొర్రె ఊపిరితిత్తులు తినొద్దని అమెరికా 1971ల నిషేధం పెట్టింది. స్కాట్లాండ్ సిగ్గుపడ్డదా? పడలేదు, ఇంకా గట్టిగ వాయించింది. వాళ్లు కూడా వేరువడుదామని కొట్లాడేటోళ్లే. మనకు రాష్ట్రం వచ్చిన 2014లనే, సెప్టెంబర్ 18న అక్కడ ఓట్లు పెట్టిన్రు. నూటికి 55 మంది వద్దన్నరు, ఓడిపోయిన్రు. దేశం రానోళ్లు పేగుల సంచిని నెత్తిన పెట్టుకొని ఊరేగుతున్నరు. రాష్ట్రం వచ్చిన మనం బోటి డబ్బాను సంచి అడుగున దాస్తున్నం.

ఉసిళ్ల కాడికి వద్దాం. తొలకరి వానకు పుట్టల నుంచి రెక్కలతోని లేచే చెదలే ఉసిళ్లు. చీకటి పడంగనే పుట్ట కాడ కందిలి పెట్టి, పక్కన గుంత తీసి, కొమ్మలు, గొంగడి కప్పి, ఒక్క సందు మాత్రమే ఇడిసిపెడితే వెలుతురుకు వచ్చి గుంతల పడుతయి. పెంక మీద ఏంచితే నూనె కూడా అక్కరలేదు, వాటి కొవ్వే వాటికి చాలు. రెక్కలు చేటల చెరిగితే పోతయి. ఏడాదికి నాలుగైదు దినాలు దొరికే తిండి అది. వాన ఎక్కువైతే దొరకదు, తక్కువైతే లేవయి. మాంసం కొనలేని ఇంట్ల పిల్లలకు ఆ నాలుగైదు దినాలు పండుగే.

‘పురుగులు’ అని ముక్కు మూసుకునే చదువుకున్న మిత్రులకు ఒక మాట. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013ల ఒక నివేదిక అచ్చేసింది. లోకంల 200 కోట్ల మంది భోజనంల పురుగులున్నయని, తినే రకాలు 1900కు పైనే అని దాంట్ల ఉన్నది. మాంసకృత్తులకు అది మంచి దారి అని ఆ సంస్థ చెప్పింది. యూరప్ 2021ల ఎండబెట్టిన మీల్‌వార్మ్ పురుగును తిండి కింద ఒప్పుకున్నది. సింగపూర్ 2024ల ఒక్కసారే 16 రకాల పురుగులకు అనుమతిచ్చింది. అంత దూరం ఎందుకు, ఒడిశాల మయూర్‌భంజ్ ఆదివాసులు నూరుకునే ఎర్రచీమల పచ్చడికి 2024ల భౌగోళిక గుర్తింపు దొరికింది. మన హైదరాబాద్ హలీంకు 2010లనే ఆ గుర్తింపు వచ్చింది, సంతోషం. ఉసిళ్లకు ముద్ర కావాలని మేము అడుగుతలేం. చెత్తకుండిల ఏయకుంటే చాలు. (ఒక జాగ్రత్త చెప్పుడు మా బాధ్యత: రొయ్యలు పడనోళ్లకు పురుగులు కూడా పడకపోవచ్చు, చూసుకొని తినాలె.) తేనె ఏందనుకుంటున్నరు? తేనెటీగ కడుపుల నుంచి వచ్చిందే గద! పెండ్లిల కట్టే పట్టుచీర పురుగు గూడే గద! ఏది పవిత్రం, ఏది అసహ్యం అన్నది నాలుక చెప్పదు, పక్కోడి చూపు చెప్తది.

బోటికి ఇప్పుడు మంచి రోజులొచ్చినయి కద అనేటోళ్లున్నరు. ఒప్పుకుంటున్నం. ఏసీ హోటళ్లల్ల మట్టి చిప్పల పోసి, ఉల్లిగడ్డ చక్రాలు పక్కన పెట్టి అమ్ముతున్నరు. అదే బోటిని ఆఫీసుల డబ్బా తెరిచి తింటే మాత్రం పక్క కుర్చీ దూరం జరుగుతది. హోటల్ల అది ‘స్పెషల్’, డబ్బాల అది వాసన! అంటే వాసన కూరది కాదన్నట్టు. డబ్బా తెచ్చినోని ఇంటిపేరుది, ఊరి బయటి వాడది. బోటి మెనూ కార్డుకెక్కింది గని దాన్ని తరతరాలుగ కడిగిన చేతులు ఇంకా గుమ్మం బయటనే ఉన్నయి.

ఇక పెద్దకూర ముచ్చట. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాల దళిత, బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే రాళ్లు పడ్డయి, నెత్తురు కారింది. అప్పుడు సీమాంధ్ర పాలన అనుకున్నం. 2015 డిసెంబర్ 10న మళ్ల చేస్తమంటే హైకోర్టు ఆపమన్నది, పోలీసులు క్యాంపస్‌ను దిగ్బంధం చేసి విద్యార్థులను పట్టుకపోయిన్రు. అప్పుడు ఎవరి పాలన? ఏ క్యాంపస్ మీదికెల్లి రాష్ట్రం నడిచి వచ్చిందో ఆ క్యాంపస్‌లనే ‘మా కూర మేము తింటం’ అన్న మాటకు చోటు లేకపాయె. ఆనాడు రోడ్ల మీద మనతోని కలిసి నడిచినోళ్లల్ల ఎంతమంది వాళ్ల పక్కన నిలవడ్డరు? మేమూ ఒక ప్రకటన ఇచ్చి ఇంటికి పోయినం. దాచుకునేదేమున్నది!

కిరాయి ఇండ్ల కాడ చూడున్రి. ‘టు లెట్, శాకాహారులకు మాత్రమే’ అని బోర్డు. అడిగేటోడు ముందు కులం అడగడు, ‘మీరేం తింటరు’ అని అడుగుతడు. రెండూ ఒకటే ప్రశ్న. మనోళ్లు, ఉద్యమంల ముందున్న ఉద్యోగులు, ఇల్లు కట్టుకొని పైఅంతస్తు కిరాయికిచ్చేటోళ్లు, ఇదే బోర్డు పెడుతున్నరు. శాకాహారం తినేటోళ్ల మీద మాకు కోపం లేదు. ఎవరి పళ్లెం వాళ్లది. కానీ వాళ్ల పళ్లెం కొలత పెట్టి మన పిల్లలకు తలుపేసుడు ఏ ఆత్మగౌరవం?

‘తెలంగాణ వంటలు’ అని స్టాళ్లు పెడితే ఏం కనవడుతయి? సకినాలు, సర్వపిండి, గారెలు, మలీద ముద్దలు. అన్నీ మనయే, అన్నీ కమ్మగుంటయి. కానీ ఎవరి ముక్కూ మూసుకోనియ్యని వంటలనే ఏరి పెట్టిన్రు గద! బతుకమ్మల పేర్చే గునుగు పువ్వు అందరికి ఎరికే. ఆ గునుగు ఆకు లేతగున్నప్పుడు కూర వండుకుంటరని ఎంతమందికి ఎరుక? జహీరాబాద్ దిక్కు చేన్లల్ల ఆడోళ్లు విత్తనం ఏయకుండనే మొలిచే ఆకుకూరల పేర్లు పదుల లెక్కన చెప్తరు. వాటిని మన వ్యవసాయ కళాశాల పిలగాడు ‘కలుపు’ అంటడు. బోనాలను 2014ల రాష్ట్ర పండుగ చేసుకున్నం, మంచిదే. బోనం ముంగట పోసేది కల్లు సాక, కోసేది యాట. ఆ తల్లికి పెట్టిందాన్ని మనం కిటికీలు మూసుకొని తింటున్నం.

మేము ఆకలిని పొగుడుతలేం. అంబలి తాగి అర్ధాకలితోని పండుకున్న తరం మా ఇండ్లల్లనే ఉన్నది. వాళ్లకు సన్నబియ్యం అన్నం దొరికితే మాకు సంబురమే. తప్పక తిన్న తిండి ఉన్నది, ఇష్టంగ తిన్న తిండి ఉన్నది. రెంటినీ ఒక్క ‘ఛీ’తోని ఊడ్చేసుడు అన్యాయం. ఆ రెంటి తేడా తిన్నోళ్లు చెప్పాలె, చూసినోళ్లు కాదు.

2011 జూన్‌ల రోడ్ల మీద వంటా-వార్పు చేసినం. గ్యాస్ పొయ్యిలు పెట్టి, రాళ్ల మీద గంజులు పెట్టి, నడిరోడ్డు మీద వండుకొని తిన్నం. వండుకొని తినుడే ఒక రాజకీయం అని దేశానికి చూపింది మనమే. మరి ఆనాడు రోడ్డు మీద తినడానికి లేని సిగ్గు ఇయ్యాల ఆఫీసు క్యాంటీన్ల ఎక్కడికెల్లి వచ్చింది? ఉద్యోగ మిత్రులారా, రేపు మీ డబ్బాల తలకాయ కూర ఉంటే మూత సగం తెరిచి తినకున్రి. విద్యార్థి తమ్ముళ్లూ చెల్లెండ్లూ, పక్కోని డబ్బా నచ్చకుంటే తినకున్రి, అది మీ ఇష్టం. పారేసే హక్కు మాత్రం మీకు లేదు. ఇండ్లున్న అన్నలూ, ఆ బోర్డు దించున్రి.

మొన్న తొలకరికి ఆ పిలగాని తల్లి ఫోన్ చేసిందట: ‘ఉసిళ్లు లేచినయి బిడ్డా, పంపాల్నా?’ అని. వాడు వద్దన్నడట. మాకు తెలిసి, మా పత్రిక ఆఫీసు అడ్రసు ఇచ్చినం. శుక్రవారం డబ్బా వచ్చింది. ఆరుగురం ఉన్నం, సరిపోలేదు.