పొట్టి కాళ్లకు గ్రహణమా కారణం?

బిడ్డ చేతులూ కాళ్లూ పొట్టిగా పుడితే మనవాళ్లు ముందు తల్లినే నిలదీస్తారు, గ్రహణం నాడు కత్తిపీట ముట్టావా అని. పొట్టి కాళ్లూ చేతులకు తోడు వెడల్పు నుదురు కనిపించే అకాండ్రోప్లేసియా అనే స్థితికి కారణం ఎఫ్‌జీఎఫ్ఆర్3 జన్యువులో ఒక్క అక్షరం మారడమేనని 1994లోనే తేలింది. పదింట ఎనిమిది కేసుల్లో ఆ మార్పు కొత్తగా వచ్చిందే. అదీ దాదాపుగా తండ్రి వీర్యకణంలోనే. మరి ఆమె తప్పెక్కడ?

మేనరికమే మూలమని కొందరి వాదన. సగమే నిజం. మేనమామను చేసుకుంటే ఒకే లోపం రెండువైపుల నుంచీ బిడ్డకు చేరే ముప్పు పెరుగుతుంది; కొన్ని ఎముకల జబ్బులు అలాగే వస్తాయి. అకాండ్రోప్లేసియాకు మాత్రం మారిన జన్యువు ఒక్క కాపీ చాలు. ఏది ఏదో తేల్చేది పరీక్షే. హైదరాబాద్ ఉప్పల్‌లోని డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రితో కలిసి, 2021 అరుదైన వ్యాధుల విధానంలో గుర్తించిన కేంద్రం. నయం కానప్పుడు ఖర్చెందుకంటారా? తర్వాతి కాన్పుకు ముప్పెంతో చెప్పేది ఆ పరీక్ష కాగితమే.