యాత్రాసమాప్తి

వేసవి సెలవులలో విదేశయాత్ర చేసి వచ్చువారు మన ప్రాంతమున నిప్పుడు అరుదు కారు. వీపున నొక సంచి తగిలించుకొని, ఒక మిత్రుని తోడు చేసికొని, కొద్ది సొమ్ముతో దేశములు చూచు అలవాటు యువకులలో నానాటికి వ్యాపించుచున్నది. ఇది మంచిదే యని మా అభిప్రాయము. కాని బయలుదేరునప్పుడు చూపు శ్రద్ధను ముగించునప్పుడు చూపువారు మిక్కిలి తక్కువ. రైలు దిగగానే సంచి అటకమీదికి పోవును. ఛాయాచిత్రములు ఫోనులో నిలిచిపోవును. మిత్రు లిద్దరును ఎవరి యింటికి వారు పోవుదురు. మా వాడపల్లికి ఏడు శనివారములు వచ్చు భక్తులు ఏడవ వారము గడవనిదే మ్రొక్కు తీరిన దనుకొనరు. యాత్రకు మాత్రము ముగింపు పద్ధతి యేదియు లేకపోవుట వింతగా నున్నది.

2025 వ సంవత్సరపు వేసవిలో మేమును మా మిత్రు డొకడును నేపాళమునకు పోయి అయిదు వారములు తిరిగి వచ్చితిమి. రాజమహేంద్రవరమున రైలెక్కి, హౌరాలో మారి, రక్సౌలు చేరి, సరిహద్దును నడచి దాటితిమి. "వీసాయైన అక్కరలేని దేశము విదేశ మెట్లగును?" అని గ్రామమున పెద్దలు కొందరు పరిహసించిరి. మనవారికి వీసా అక్కరలేదనుట నిజమే. ఓటరు గుర్తింపు పత్రము చాలును. అయినను మన 100 రూపాయలు అచ్చట 160 అగును. గడియారము మనకంటె 15 నిమిషములు ముందు నడచును. గోడమీది క్యాలెండరు విక్రమశకము ననుసరించి 2025 ను 2082 అని చూపును. గడియారమును సంవత్సరమును గూడ మార్చుకొనవలసినచోటు విదేశము కాదనుటకు మాకు నోరాడదు.

గోదావరి గట్టున పెరిగినవారికి ఎత్తనగా కొబ్బరిచెట్టు ఎత్తే. ముక్తినాథక్షేత్రము 3,700 మీటర్లకు పైబడి యున్నది. 2,500 మీటర్లు దాటిన పిమ్మట తలనొప్పి, వాంతి, ఆయాసము కలుగుట బలశాలురకును సామాన్యము. అట్టివారు తగ్గువరకు నిలువవలెనే గాని పైకి పోరాదు. జోంసోములో మా మిత్రునికి తలనొప్పి పుట్టెను. మాకేమియు లేదు. నడక మెల్లనివాని మాటయే చెల్లవలెనని యిల్లు వదలకమునుపే నియమము చేసికొని యుంటిమి గనుక రెండు దినములు నిలిచితిమి. మధ్యాహ్నము కాగానే కాళీగండకీ లోయలో దుమ్ము రేపుచు వీచు గాలిని కిటికీలోనుండి చూచుటకంటె వేరు పని లేదు. ఆ రెండు దినములు మేము మాటలాడుకొన్నది కొంచెమే. స్నేహితునితో దూరదేశము పోవ దలచు విద్యార్థులు శిఖరముల చిత్రములు చూచి మురియుటకు ముందు ఇట్టి గదిలో అతనితో కూర్చుండగలరేమో ఆలోచించుకొనుట మేలు.

పోఖరాలో మేము దిగిన యింటి యజమానురాలికి ఇద్దరు కుమారులు. పెద్దవాడు కతారులోను, చిన్నవాడు మలేషియాలోను పనిచేయుచుండిరి. మీ ఊరివా రెవరైన విదేశములలో నున్నారా యని ఆమె మమ్మడిగెను. కువైటుకు ఇంటిపనికి పోయిన మన కోనసీమ స్త్రీలను గూర్చి చెప్పితిమి. ఆమె పొయ్యి కట్టివేసి వచ్చి, జీతమెంత, పత్రములెవరు చూచుదురు, పిల్లల నెవరు పెంచుదురు అని చాలసేపు ప్రశ్నించెను. కొన్నింటికి మా మిత్రుడు సమాధానము చెప్పెను. కొన్నింటికి మా యిద్దరిలో నెవ్వరియొద్దను సమాధానము లేదు. నేపాళమునకు దూరదేశములనుండి వచ్చు సొమ్ము ఆ దేశపు మొత్తము ఆదాయమున సుమారు నాలుగవ వంతునకు సమానము. మనకు అంత లేకపోయినను, క్రొత్త డాబా, అందులో ముసలివారును చిన్నపిల్లలును మాత్రమే యుండుట మనకును తెలిసినదే.

తిరిగి వచ్చినతరువాత లెక్కలకు కూర్చుంటిమి. సొమ్ము లెక్క ఒక గంటలో తేలెను. మా మిత్రుడు టీ ఖర్చుతో సహా వ్రాసి యుంచెను. చూచినదాని లెక్కకు మాత్రము మూడు సాయంకాలములు పట్టినది. కొండదారిలో బరువులు మోయువారు ఉల్లాసముగా పోవుచుండిరని అతని పుస్తకములో నున్నది. వారు ఎన్ని అడుగుల కొకసారి బరువు దించిరో మా పుస్తకములో నున్నది. అతడు కొట్టివేయలేదు, మేము పట్టుపట్టలేదు, రెండు మాటలను నిలిపితిమి. ఒంటరిగా పోయినవానికి ఈ లాభము లేదు.

ఇట్లు చేయుట క్రొత్త కాదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18 న సుమారు నూరుమంది పరివారముతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3 న ఇల్లు చేరిరి. దారిపొడవున తాము చూచినది మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపుచు వచ్చిరి. 1836 లో వారు గతింపగా, 1838 లో పిళ్లగారు దానిని కాశీయాత్ర చరిత్రగా అచ్చొత్తించిరి. ఏ మజిలీలో సామగ్రి దొరకును, ఏ దారి యెట్టిది అను సంగతు లందు గలవు. వెంటరాని మిత్రుడే యాత్రను నిలిపెను.

మన యిండ్లకు కువైటునుండి, మస్కటునుండి సెలవుపై వచ్చువారిని బంగారము తెచ్చితిరా యని అడుగుదుముగాని, ఏ దారిని పోయితిరి, ఏ భాష నేర్చితిరి, ఎవరు మేలు చేసిరి, ఎవరు కీడు చేసిరి అని అడిగి వ్రాసికొనువారు లేరు. అయిదు వారములు విహరించినవారు పుస్తకములు నింపుచుండగా, పదేండ్లు ఎడారిదేశమున నుండి వచ్చిన తల్లి అనుభవము ఒక్క పుటకును ఎక్కకపోవుట న్యాయము కాదు. పై తరగతుల విద్యార్థులు సెలవులలో తమ వీథిలో నట్టివారి నొకరి నడిగి, వారు చెప్పినది వారికే చదివి వినిపించి, వారొప్పినపిమ్మట, వారు వలదన్నచో పేరు లేకయే, ఈ పత్రికకు పంపవలెనని మా కోరిక. తల్లిదండ్రు లిందులకు తోడ్పడవలెను. ఎట్లు వ్రాయవలెనో చూడగోరువారికి మా మిత్రుని పుస్తకమును మాదియు చూపుటకు సిద్ధముగా నున్నాము. టీ ఖర్చులుగూడ అందులోనే యున్నవి.