మాగిన అరటిపండును ఎయిర్‌ఫ్రయరును

పెండ్లిండ్ల కాలములో సూళ్లూరుపేటలో ఏ యింటికి బోయినను వంటయింటి మూల ఒక దృశ్యము కానవచ్చును. తాంబూలములతో వచ్చిన అరటిపండ్లు పదియో పండ్రెండో ఒక పళ్లెములో నుండును. మొదటిదినమున వానిని పిల్లలు తిందురు. రెండవదినమున తినుమని పెద్దలు పిల్లలను బతిమాలుదురు. మూడవదినమునకు తొక్కపై నల్లమచ్చలు బయలుదేఱును, చిన్న యీగలు మూగును. నాలుగవదినమున అవి వీధిలోని ఆవునోటికో చెత్తబుట్టకో చేరును. ఆ పళ్లెమునకు మూరెడు దూరమున, వేలకొలది రూపాయలు పోసి కొన్న ఎయిర్‌ఫ్రయరు గుడ్డ కప్పుకొని కూర్చుండియుండును. కొన్న మొదటి నెలలో అంగడినుండి తెచ్చిన బంగాళాదుంప ముక్కలను దానిలో కాల్చిరి. పిమ్మట దానిని మఱచిరి. ఈ రెండింటిని ఒకచోట చేర్చి పది నిమిషములలో వేడివేడి మిఠాయి చేయవచ్చును. దానిని చేయుట బడిపిల్లలు, అందును మగపిల్లలు, నేర్వవలెనని మా యభిప్రాయము.

ఈ మాట మేము గత సంవత్సరము తలిదండ్రుల సభలో పలికితిమి. పలుకుటయే గాక ఎనిమిదవ తరగతి బాలురు నలుగురిచేత అందఱి యెదుట ఈ వంటకమును చేయించితిమి. తిన్నవారందఱు మెచ్చుకొనిరి గాని, తినిన పిమ్మట రెండు ఆక్షేపణలు వచ్చినవి. ఒక తండ్రి లేచి, "పరీక్షలు ముంచుకొని వచ్చుచుండగా మగపిల్లలకు వంట యేలనండీ?" అని యడిగెను. దానికి బదులు చెప్పుట మాకు కష్టము కాలేదు. రెండవ ఆక్షేపణ ఒక తల్లిది. ఆమె సభలో నేమియు అనలేదు. అందఱు వెడలిన తరువాత మా యొద్దకు వచ్చి, "అయ్యా, మా యింట ఆ మిషను లేదు. నిన్నటినుండి మా బిడ్డ అది కొనుమని యేడ్చుచున్నాడు," అనెను. ఆమెకు అప్పుడు సరియైన జవాబు చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము చాలవఱకు ఆ జవాబుకొఱకే వ్రాయుచున్నాము.

ముందుగా యంత్రము సంగతి. దీనికి వేపుడుయంత్రమని పేరు పెట్టుట అమ్మువారి నేర్పేగాని సత్యము కాదు. ఇది దేనిని వేపదు. లోపల పైభాగమున వేడియగు తీగచుట్ట యొకటి, దానిమీద పంకా యొకటి, క్రింద చిల్లుల బుట్ట యొకటి. పంకా వేడిగాలిని బుట్టచుట్టును వడిగా త్రిప్పును. అంతే. ఇది చిన్న కాల్పుడుపెట్టె మాత్రమే. ఫిలిప్స్ కంపెనీవారు 2010లో బెర్లిను నగరపు ప్రదర్శనములో దీనిని లోకమునకు చూపిరి. పదియేండ్లు తిరుగునప్పటికి మన ఊళ్లకును వచ్చినది.

పంకా యెందుకని పిల్లలు అడుగవలెను. 100 డిగ్రీల నీటిలో వ్రేలు పెట్టిన క్షణములో బొబ్బలెక్కును. 180 డిగ్రీల పొడిగాలి అంత త్వరగా కాల్చలేదు. గాలికి వేడిని మోయు శక్తి తక్కువ. కదలని గాలి వస్తువుచుట్టును ఒక దుప్పటివలె నిలిచి, పైనుండి వచ్చు వేడిని అడ్డగించును. పంకా ఆ దుప్పటిని ఎప్పటికప్పుడు లాగివేయును. ఎండకాలమున వడగాలిలో నడచినవారికి ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. నిలిచిన యెండకంటె వీచు వడగాలియే మనుష్యుని ఎక్కువగా మాడ్చును.

వేడిచేసిన పండు తినుట దొరలనుండి నేర్చినదని కొందఱు తలంచుచున్నారు. ఇంగ్లీషువారు ఆపిలుముక్కలపై పిండియు వెన్నయు చక్కెరయు కలిపి చల్లి కాల్చుదురు. దానిని వారు క్రంబులు అందురు. మంచిదే. కాని మన తీరపు ఇసుకనేలలలో తాళ్లు ఉన్నంతకాలమునుండియు మనవారు తాటిపండును నిప్పులమీద కాల్చి, తొక్క ఒలిచి, పసుపుపచ్చని గుజ్జును వేడివేడిగా చీకుచున్నారు. పీచు పండ్లలో ఇఱుకుకొన్నదని విసుగుకొనుచు, ఇంకొక టెంకకు చేయి చాచుచు తినునదే ఆ పండు. శ్రావణ భాద్రపదములలో ఆ వాసన తగులని పల్లె ఉండెడిది కాదు. ఇంతకన్న పాతదియు రుచియైనదియు అగు వేడిపండు మిఠాయి మాకు తెలియదు. తాటిపండు ఈ చిన్నబుట్టలో పట్టదు గనుక అరటిపండును పట్టుకొంటిమి, అంతే.

ఇక చేయు విధము. మాగిన అరటిపండ్లు రెండు తీసికొనవలెను. తొక్కపై మచ్చలు పడి, లోపల గట్టితనము కొంత మిగిలియున్నవి శ్రేష్ఠము. తెల్లచక్కెరకేళి రుచిలో రాజేగాని వేడికి కరగి ముద్దయగును; పచ్చ అరటిగాని కర్పూరముగాని నిలుచును. తొక్క తీయవలదు. తొక్కతోనే నిలువుగా రెండు చీలికలు చేయవలెను. ఆ తొక్కయే పడవవలె నుండి, కరగిన బెల్లమును కారనీయక పట్టుకొనును. ఇది మా బాలురలో నొకడు చేసిన యుక్తి. మొదటిమారు తొక్క ఒలిచి పెట్టగా బెల్లము బుట్ట చిల్లులలోనుండి కారి అడుగున మాడి, గదియంతయు పొగ కమ్మినది.

చెంచాడు నేతిలో తురిమిన బెల్లము రెండు చెంచాలు, ఏలకులపొడి చిటికెడు వేసి ముద్దగా కలిపి, కోసిన ముఖముపై పూయవలెను. ఏలకులపొడిని పైన చల్లినచో పంకాగాలికి లేచిపోవును. నేతిలో కలుపుటకు కారణ మదియే. యంత్రమును 180 డిగ్రీలకు త్రిప్పి మూడు నిమిషములు వట్టిగా వేడిచేసి, ముక్కలను ముఖము పైకుండునట్లు పేర్చి, ఎనిమిది నిమిషములు ఉంచవలెను. ఆఱవ నిమిషమున ఒకసారి బుట్టను లాగి చూడవలెను. ఇచ్చట పిల్లలు తఱచుగా తప్పుదురు. గంట మ్రోగువఱకు చూడనక్కఱలేదని యంత్రమును నమ్ముదురు. బెల్లము బంగారువన్నెనుండి నలుపునకు దిగుటకు రెండు నిమిషములు చాలును. గంటకు అది తెలియదు. ముక్కుకు తెలియును. వాసన మారినదని ముక్కు చెప్పినపుడు గడియారమును లెక్కచేయక తీసివేయవలెను.

తీసినవెంటనే తినరాదు. కరగిన బెల్లము మఱగిన నీటికంటె వేడిగానుండి నాలుకకు అంటుకొనును. మూడు నిమిషములు ఆగవలెను. ఆ మూడు నిమిషములలో గూడూరు నిమ్మపండు చెక్కనుండి నాలుగు చుక్కలు పిండి, వేయించిన వేరుసెనగలనో జీడిపప్పునో నలిపి చల్లవలెను. ఇంటిలో చల్లని మీగడ ఉన్నచో చెంచాడు పెట్టవచ్చును. వేడికి చలువకు నడుమ ఆ మొదటి ముద్ద ఎట్లుండునో వర్ణింపము; చేసికొని చూడుడు.

ఇందులో బడిపాఠమును లేకపోలేదు. పచ్చికాయలోని పిండిపదార్థము, కాయ మాగుకొలది చక్కెరగా మారును. మచ్చలు పడిన పండు తీయగానుండుటకు అదియే హేతువు. కాబట్టి పాఱవేయుటకు సిద్ధపఱచిన పండే ఈ పనికి తగినది. వేడి తగిలినపుడు ఆ చక్కెర కొంత కరగి ఎఱ్ఱబడును. కొంత, పండులో స్వల్పముగా నున్న ఆమైనో ఆమ్లములతో కూడి క్రొత్త వాసనలను పుట్టించును. ఈ రెండవ మార్పును 1912లో మయ్యారు అను ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త వివరించెను. రొట్టె పైచెక్క ఎఱుపును, వేగిన సెనగల కమ్మదనమును ఈ కుటుంబములోనివే.

ఇతర ఫలముల మాట యడుగువారికి క్లుప్తముగా చెప్పెదము. అనాసముక్కలు మిక్కిలి బాగుండును. దోరజామ చీలికలు బెల్లముతోను చిటికెడు కారముతోను బాగుండును. బొప్పాయి నీరుగారును. మామిడిని, అందును బంగినపల్లిని, వేడిచేయుట మాకు సమ్మతము కాదు. దేవుడిచ్చిన రూపమున తినదగినదానిని యంత్రములో పెట్టుట అపరాధము.

తలిదండ్రులకు ఒక హెచ్చరిక. నూనె లేదు గనుక ఇది ఆరోగ్యకరమని కొందఱు ప్రచారము చేయుదురు. నూనె తగ్గినమాట నిజమే, కాని చక్కెర చక్కెరయే. బెల్లమని పేరు మార్చినంతమాత్రమున మధుమేహము గల తాతగారికి అది మందు కాజాలదు. ఆయన పళ్లెములో బెల్లము లేని చిన్నముక్క పెట్టుడు, లేదా వైద్యుని యడుగుడు. మఱియొకటి: 1500 వాట్ల యంత్రమునకు 16 ఆంపియర్ల ప్లగ్గుపాయింటు ఉండవలెను. పాత యిండ్లలో సెల్‌ఫోనునకు వాడు చిన్న పాయింటునుండి తీగ లాగి దీనిని నడుపుట మేము చూచితిమి. తీగ చేతికి వెచ్చగా తగిలినది. విద్యుత్తు ఖర్చునకు భయపడనక్కఱలేదు. పది నిమిషములకు పావు యూనిటు మించదు.

ఇక ఆ తండ్రిగారి ప్రశ్న. 2023 జూలై 14న చంద్రయాన్-3 మనకు తూర్పున శ్రీహరికోటనుండి లేచినపుడు మన బాలురు మేడలెక్కి చూచిరి. ఆ రాకెట్టు పైభాగములోని ద్రవహైడ్రొజను సున్నకు దిగువ 253 డిగ్రీల చలిలో ఉండునని వారు తడబడక చెప్పగలరు. తమ యింటి పొయ్యిపై పాలు ఎప్పుడు పొంగునో చెప్పలేరు! ఇది వారి తప్పు కాదు. ఎవరును వారిని పొయ్యియొద్దకు పిలువలేదు. ఇదే యింటిలోని చెల్లెలిని మాత్రము ఏడవయేటనే పిలిచిరి.

మన ఊరి తల్లులలో అనేకులు ఇపుడు ఇంటిపట్టున లేరు. శ్రీసిటీ కర్మాగారములలో షిఫ్టు ముగించుకొని బస్సు దిగువారు కొందఱు, ఆసుపత్రులలో పనిచేయువారు కొందఱు, పాఠశాలలనుండి నోటుపుస్తకముల కట్టలతో వచ్చువారు కొందఱు. సాయంకాలము నాలుగున్నరకు ఇల్లు చేరిన బాలుడు ఆఱుగంటలవఱకు ఆకలితో కూర్చుండి, తల్లి గడపలో కాలు పెట్టగానే, "అమ్మా, తినుటకేమున్నది?" అని యడుగును. ఆమె చెప్పులు విడువకమునుపే వంటయింటిలోనికి బోవును. పరీక్షలకు పది నిమిషములు నష్టమగునని ఆ తండ్రిగారు భయపడినారు. తల్లి ప్రతిదినమును పోగొట్టుకొనుచున్న పది నిమిషములను ఆయన లెక్కింపలేదని మనవి చేయుచున్నాము.

ఆ రెండవ తల్లి మాటయే మమ్ము ఎక్కువ దినములు బాధించినది. తప్పు మాదే. యంత్రమును బల్లపై నడుమనుంచి, పండును ప్రక్కన పెట్టితిమి. పిల్లవాడు చూచినది యంత్రమునే. ఈ సంవత్సరము సభకు ముందు మేము ఇనుపపెనముతో ఇదే పని చేసిచూచితిమి. పెనముపై అరచెంచా నేయి వేసి, సన్నని సెగపై చీలికలను ముఖము క్రిందికుండునట్లు నాలుగు నిమిషములు ఉంచి, తిరుగవేసి, బెల్లపుముద్ద పూసి, మూత పెట్టి మఱి మూడు నిమిషములు ఆగవలెను. నిజము చెప్పవలెనన్న పెనముమీద కాలిన ముఖమే యెక్కువ ఎఱ్ఱబడి, రుచియందు యంత్రమును మించినది. యంత్రమునకు గల మేలు ఒక్కటే: మంట కనబడదు గనుక చిన్నపిల్లల విషయములో పెద్దలకు భయము తక్కువ. పెనముయొద్ద నిలిచి చూడవలెను. ఎనిమిదవ తరగతి పిల్లవాడు ఏడు నిమిషములు నిలువగలడు.

ఆ తల్లి కుమారుని పిలిచి ఈ పెనపుపద్ధతిని నేర్పితిమి. ఒక శనివారము సాయంకాలము ఆమె పని ముగించుకొని వచ్చునప్పటికి వాడు రెండు చీలికలను పళ్లెములో పెట్టి, ఈగలు ముసురకుండ మూతవేసి యుంచెనట. సోమవారము బడికి వచ్చి మాకు చెప్పినది ఇది: ఆమె తినుచు, "గిన్నె లెవరు కడిగిరి?" అని యడిగినదట. గిన్నెలు లేవనియు, పెనము ఒక్కటే కడిగితిననియు, తొక్కలను మేకకు వేసితిననియు వాడు చెప్పెనట. మఱునాడు ఆమె అంగడినుండి వచ్చుచు, అమ్మువాడు ప్రక్కకు తీసిపెట్టిన మచ్చల అరటిపండ్లను సగము ధరకు అరడజను తెచ్చినదట.